ఇంటిపేరు నాలుగంగుళాలు

చక్కెర మిల్లు మూతపడ్డాక
టర్నరు అసిరయ్యకి మిగిలినవి
ఒక లేతు, పాతిక డ్రమ్ముల మడ్డి,
పన్నెండు సిలిండర్ల మీద పట్టుదల.

ఆమదాలవలస రైలుగేటు దాటితే ఆయన షెడ్డు.
నేను పదో తరగతి తప్పిన వేసవి అది.
"కొలతలు రాసిపెట్టు గుంటా, నాకు చత్వారం" అన్నాడు.
రాశాను. పంతొమ్మిదేళ్లు.

నాగావళి ఇసుకని మడ్డితో తడిపి అచ్చు కట్టేవాడు.
పాత పిస్టన్లు కరిగించి పోసిన రాత్రి
పేటంతా కాలిన బెల్లం వాసన.
పాకం మాడిందనుకుని
పక్కింటి ఆడవాళ్లు తమ పొయ్యిల దగ్గరికి పరుగెత్తారు.

మొదటిది మూడు లీటర్లు. హెడ్డు చీలింది.
రెండోదానికి బోరు డెబ్భై మూడు నుంచి డెబ్భై తొమ్మిది.
నూనె చివరిదాకా అందక
ఏడో బేరింగు నల్లబడింది.
మూడోదానికి స్ట్రోకు పెంచాడు,
వరసకి రెండేసి కామ్‌షాఫ్టులు.
అన్నీ మార్చాడు గానీ
ఒక సిలిండరు నడిమి నుంచి పక్కదాని నడిమికి
నాలుగంగుళాల దూరం మాత్రం ముట్టుకోనివ్వలేదు.
"అది ఇంటిపేరే. పిల్లలు పొడుగవుతారు, లావవుతారు,
ఇంటిపేరు మార్సుకుంతారేటి?"

పెళ్లయి ఇంటిపేరు మారినదాన్ని,
ఏమీ అనలేదు.
పెన్సిలు ముల్లు విరిగింది.

గేటు పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు తొంగిచూసేవారు.
"ఇంజను సరే, కారేది?"
"రెండు సీట్లది. పొట్టిగా, నేలకి అతుక్కుని.
ముందు దీని సంగతి తేలనీండి బాబూ."

ఒకటి ఏడు అయిదు పదకొండు
మూడు తొమ్మిది ఆరు పన్నెండు
రెండు ఎనిమిది నాలుగు పది.
మంట అంటుకునే వరస ఇది.
ఎక్కంలా అప్పజెప్పించేవాడు.
నిద్రలో పలవరిస్తే
ఎవరిదో ఫోను నంబరని మా ఆయన
రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

మూడోది తిప్పిన తెల్లవారుజామున
పది పలికాయి. రెండు దగ్గాయి.
తీగలకి నేను కట్టిన ఇత్తడి బిళ్లలు
చాలాసేపు చూశాడు అసిరయ్య.
తిరగబడితే 6 కాస్తా 9.
తిట్టలేదు.
వాళ్ల నాన్న బెల్లం లెక్కలు రాసుకున్న అంకెలు
సుద్దతో నేల మీద గీశాడు.
౬. ౯.
"ఎటు తిప్పినా ఇవి ఒకదాని ముకం ఒకటి తొడుక్కోవు."
ఆ రెండు బిళ్లలే మళ్లీ చెక్కాను.
చెయ్యి వణికింది.

తరవాతది చెప్పడం నాకు చేతకాదు.
విడివిడి దెబ్బలు లేవు.
మిల్లు బతికున్న రోజుల్లో
తొలి చెరుకు మోపు రోలర్ల కింద పడ్డప్పటి గొంతు,
కాకపోతే ఇంకో మూడు మెట్లు పైన.
కవరు మీద నిలబెట్టిన రూపాయి
నిలబడే ఉంది.
అసిరయ్య దాన్నే చూస్తున్నాడు,
నా వైపు తిరగకుండా.

ఆ చప్పుడికి కంగారుపడి
గేటుమన్ గేటు వేసేశాడట.
అటూ ఇటూ ఆగిన లారీలు
ఏ రైలుకో తెలియక
చాలాసేపు ఎదురుచూశాయి.