ఎనిమిది వందల దగ్గర

కంచరపాలెం గేటు దాటాక రెండో సందు.
పాత పేపరు పరిచి దాని మీద
మూడు కామ్‌షాఫ్ట్‌లు పెట్టాడు గౌరీసు.
చూస్తే మూడూ ఒకటే.
గ్రీజు తుడిచి బొటనవేలితో తడిమితే గానీ తెలీదు,
ఏ గుబ్బ ఎంత లావో,
ఏది వాల్వుని ఎంతసేపు తెరిచి పట్టుకుంటుందో.

నాది తొంభై ఏడు నాటి ఎస్టీమ్.
ఉప్పుగాలికి డోర్ల అంచులు
నూనెలో వేసిన అప్పడంలా పొంగాయి.
ఇంజను మాత్రం, అతని మాటల్లో,
"ఇంకా సదువుకుంటున్న గుంట."

"పెద్దది కావాలి," అన్నాను.
మూడోది. రెండొందల ఎనభై ఎనిమిది డిగ్రీలు.
ఆ అంకె నాలుగు నెలలుగా నా నోట్లో నానుతోంది.
గౌరీసు తల ఎత్తలేదు.
"బండి యే దారిన ఎల్తాదమ్మా? ముందు అది సెప్పు."

ఎన్ఏడీ నుంచి కేజీహెచ్‌కి.
తాటిచెట్లపాలెంలో ఆగుతుంది, గురుద్వారా దగ్గర ఆగుతుంది,
జగదాంబలో ఆగి ఆగి ఆగుతుంది.
"ఐదు వేలు దాటిస్తావా యెప్పుడైనా?"
నిజాయితీగా లెక్కపెట్టాను.
ఏడాదికోసారి అనంతగిరి ఘాటు.
ఒకసారి, నైట్ డ్యూటీ మధ్యలోనే ఇంటికి పొమ్మంటే,
రుషికొండ దాటి భీమిలి వైపు, ఖాళీ రోడ్డు, మూడో గేరు.
ఆ రాత్రి సముద్రం ఏ పక్కనుందో కూడా చూడలేదు.
అదీ ఒక్కసారే.

నేను ఈసీజీ తీస్తాను, ఇరవై రెండేళ్లుగా.
వేళకు తెరిచి వేళకు మూసుకునే తలుపుల సంగతి
నాకొకరు చెప్పక్కర్లేదు.
కానీ ఆ మూడోదానిలో ఒక క్షణం
వచ్చే తలుపూ పోయే తలుపూ రెండూ తెరిచే ఉంటాయట.
మా వార్డు గుర్తొచ్చింది.
డిశ్చార్జి అయినవాడు మంచం కింద చెప్పులు వెతుక్కుంటుండగానే
కొత్తవాడు అంచున కూర్చుంటాడు.
జనం పోటెత్తిన రోజు అది ఉపకారమే,
పోయేవాడి ఊపే వచ్చేవాణ్ణి లోపలికి లాగుతుంది.
జనం పల్చబడ్డ పూట
ఎవరి మూట ఎవరిదో తేలదు.

వినమని తన జిప్సీ స్టార్ట్ చేశాడు.
మూడోదాని తోబుట్టువే ఉంది దానిలో.
డుగ్. డుగ్‌డుగ్. ...
డుగ్.
నా చేయి దానంతటదే కోటు జేబులో కాగితం వెతికింది.
ఈ లయతో వచ్చినవాళ్లని మేం బల్ల మీంచి లేవనివ్వం.
ఎంత బాగుందో మాత్రం చెప్పలేను.
"సిగ్నల్ కాడ ఒగ్గెస్తే సచ్చిపోద్ది," అన్నాడు ముద్దుగా,
యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యకుండానే.
"పదకొండేళ్లు. దానికి నానూ నాకదీ అలవాటయిపోనాం."

రెండోది తీసుకున్నాను.
బేరం ఆడలేదు. కొంచెం ఏడుపొచ్చింది, అదీ చెప్పలేదు.
పిల్లలాడుకునే రంగు మైనం ముద్ద పిస్టన్ మీద పెట్టి
బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి,
మళ్లీ విప్పి, బ్లేడుతో కోసి చూపించాడు.
వాల్వు దిగిన చోట అడుగున మిగిలిన మందం
రెండు మిల్లీమీటర్లు, ఆ పైన ఒక గోరంత.
"ఇదే మనకున్న జాగా," అన్నాడు.

మొదటి ఇరవై నిమిషాలూ రెండు వేల దగ్గరే పట్టి ఉంచాలి,
కొత్త లోహాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని గుర్తుపట్టడానికి.
ఆ తర్వాత కాలు తీశాను.
ముల్లు దిగి దిగి ఎనిమిది వందల దగ్గర నిలబడింది.
నిలబడి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు,
కాస్త వణికింది.
స్టాక్ దానికి ఆ వణుకు లేదు.

మూడోదాన్ని పేపర్లో చుడుతూ అడిగాడు,
"దీన్ని ఎవలికైనా ఇచ్చీమంటావా?"
"ఇచ్చేయ్," అన్నాను. గేరు వేశాను.
మళ్లీ అద్దం దించి,
"ఆదివారం దాకా ఆగు."