మూడు వందల పన్నెండు పొరలు

బక్‌వీట్ గింజల డబ్బాలో దొరికింది ముక్కుపురుగు.
ఆవగింజకి అటూ ఇటూ.
చచ్చి ఎన్నాళ్లయిందో,
ఒక కాలు ముడుచుకుని పద్ధతిగా పడుకుంది.

దాన్ని సూదిమొన మీద జిగురుతో నిలబెట్టేసరికి
రీగాలో ఆఖరి ట్రామ్ వెళ్లిపోయింది.
పాత మైక్రోస్కోపు నుంచి ఊడదీసిన కటకం,
సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతి. అదే నా ఆకాశం.
వెలుతురు అందులోంచి
మజ్జిగ తేటలా దిగుతుంది.

ఇంత దగ్గరికి వెళితే
చూపుకి లోతుండదు.
ఒక్కసారికి ఒక్క పొరే,
వెంట్రుకని నిలువునా ముప్పై పాయలు చీలిస్తే
అందులో ఒక్క పాయంత.
ముక్కు కనిపిస్తే కన్ను లేదు,
కన్ను కనిపిస్తే ముక్కు పొగ.
అందుకే స్క్రూ తిప్పి, ఊపిరి బిగబట్టి, క్లిక్;
తిప్పి, బిగబట్టి, క్లిక్;
మూడు వందల పన్నెండు సార్లు.
ముప్పై ఏళ్లు పంపులు బాగుచేసిన చేతులివి,
ఇంత మెల్లగా ఎన్నడూ దేన్నీ తిప్పలేదు.

దుమ్ము కణం దూలంలా అడ్డం పడి ఉంటుంది.
దాన్ని తియ్యడానికి రాలిన నా కనురెప్ప వెంట్రుకే పనిముట్టు.

తెల్లారి పొరలన్నీ కలిపి చూస్తే
నూట నలభై నుంచి నూట నలభై ఏడు దాకా
అలుక్కుపోయాయి.
మర్నాడు రాత్రీ అంతే. వేరే అంకెలు, అదే వణుకు.

కింది వాటాలో జెంటా. కుట్టుమిషను.
గొడవ పడదామనే దిగాను, చెప్పులు కూడా వేసుకోకుండా.
మనవరాలి బృందగానానికి పాతిక లంగాలట,
శనివారానికి కావాలట.
"ఏదీ, మీ పురుగుని చూపించండి" అంది.

పైకి వచ్చి చూసింది.
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి మళ్లీ చూసింది.
సుత్తితో కొట్టిన రాగి పళ్లెం లాంటి వీపు,
ప్రతి గుంటలో ఒక పసుపు రోమం,
నడుమ రెండు రెక్కల డిప్పలు కలిసే చోట
సన్నని గీత.
దాని మీద వేలు పెట్టి
"ఈ అతుకు వేసినవాళ్లెవరో గాని
దారం కనబడనివ్వలేదు" అంది.
గచ్చు మీద నా కాళ్లు
మొద్దుబారిన సంగతి అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఒప్పందమేమీ కుదరలేదు.
ఆమె లంగాలు ఆమెవి, నా పొరలు నావి.
కొన్ని రాత్రులు మిషను ఆగుతుంది.
నాకోసమో, దారం అయిపోయో, అడగలేదు.

వంటింటి గోడకి ఆ ఫోటో ఉంది, తలుపంత.
ఎడమ భుజం దగ్గర కొంచెం మసక.
తీసెయ్యొచ్చు, మళ్లీ తియ్యొచ్చు;
పురుగు ఎక్కడికీ పోదు.

అక్కడ జెంటా
ఎవరి పిల్ల లంగాకో జేబు కుడుతోంది.