తెల్ల డబ్బా

ఫహాహీల్‌లో మా బడి కంప్యూటర్ గది.
ఏసీ కింద బకెట్, నిమిషానికో చుక్క.
ఏడో తరగతికి ఈ వారం బొమ్మలు గీసే పని లేదు,
ఫోల్డర్‌లో సిద్ధంగా ఉన్నవే వాడుకోమన్నాను:
ధ్రువపు ఎలుగు, డ్రాగన్, మంచుమనిషి,
పుట్టగొడుగు ఇల్లు.
నీళ్ల ట్యాంకర్ లేదు.
మా కళ్లముందు రోజూ తిరిగేదేదీ లేదు.

నౌషీన్‌కి ఓ పడవ దొరికింది.
నీలం సముద్రం మీద పెట్టగానే
దాని చుట్టూ తెల్ల డబ్బా,
అట్టపెట్టెలోంచి ఇంకా తీయని పడవ.
బాణం మీట నొక్కితే
డబ్బా డబ్బాయే ఈదుతోంది.
"ఇది సముద్రాన్ని తినేస్తోంది టీచర్!"

తెలుపంటే ఖాళీ కాదమ్మా, అదీ ఒక రంగే
అని రబ్బరు ఎక్కడుందో చూపించాను.
తెరచాప అంచు దగ్గర తొందరపడింది.
తాడు తెగింది. వెనక్కి. మళ్లీ తెగింది.
తాడెందుకు, మోటారు పెట్టుకో
అన్నాడు పక్క బెంచీ ఇమ్మానుయేలు.

మూడో పీరియడ్‌లో దుమ్ము లేచింది.
కిటికీలో సముద్రం పోయింది,
రిఫైనరీ మంట పోయింది,
ఖర్జూరం చెట్టు సగం మిగిలింది.
"ఎవరో బ్యాక్‌గ్రౌండ్ చెరిపేశారు" అన్నాడు వాడే.
నవ్వాం. పళ్ల మధ్య ఇసుక.

చివర్లో, బొమ్మ ఎవరిదో రాయాలి. రెండు మార్కులు.
ఫోల్డర్‌లో పేరు లేదు,
నేనూ ఏ యేడూ రాసి పెట్టుకోలేదు.
నౌషీన్ మీటల మీద వేళ్లుంచి కాసేపు కూర్చుంది.
తర్వాత టైపు చేసింది:
"పడవ గీసినవాళ్లు ఎవరో తెలీదు.
తాడు మళ్లీ కట్టింది నేను."