బానెట్ మీద అరచెయ్యి

ఇంజను చల్లగా ఉన్నప్పుడే పోవాల, అన్నాడు కుళ్ళాయప్ప.
వేడెక్కిన ఇంజను అబద్ధాలు బాగా చెప్తాది.
అందుకని తెల్లారీ తెల్లారకముందే
కళ్యాణదుర్గం రోడ్డులో, శెనక్కాయల మిల్లు వెనక
ఆ ఎర్ర కారు ముందర నిలబడితిమి ఇద్దరమూ.

రెండే తలుపులు.
పొదలో కుందేలు మాదిరి నేలను కరుచుకోని ఉండాది.
ముప్పై ఒక్క ఏండ్లు ఆర్టీసీ బస్సు తోలినోణ్ణి,
యాభై ఆరు మంది దగ్గులూ, కోళ్ళూ, సద్ది మూటలూ
వీపు వెనక మోసినోణ్ణి.
వెనక ఎవరూ కూచోలేని బండి ఒకటి కావాలని
రిటైరైన సాయంత్రమే అనుకుంటి.
సుంకమ్మ మాత్రం ఒకటే అడిగింది:
"అంత కిందికి కూచుంటే మళ్ళ లేపేదెవురు నిన్ను?"

కుళ్ళాయప్ప బానెట్ మీద అరచెయ్యి ఆనించినాడు
జొరం చూసినట్టు.
వెచ్చగా ఉండాది.
"ఏమబ్బీ, రాత్రి నిద్రపోనీలేదా దీన్ని?"
అమ్మే పిల్లోడు, నిశ్చల్, నేల చూసినాడు.
"మీ ముందర స్టార్ట్ కాకపోతే ఎట్లని... నాలుగింటికి ఒకసారి..."

ఆయిల్ మూత తిప్పి, వేలితో గీరి, వాసన చూసినాడు.
సైలెన్సర్ కొనకు తెల్లగుడ్డ అడ్డం పెట్టి పొగ పట్టినాడు.
స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి
పిడి చెవి ఎముకకు పెట్టుకోని కండ్లు మూసినాడు.
డిపోలో ఉన్నన్నాళ్ళూ అంతే,
ఏ బస్సుకు యాడ నొప్పో ఎముకతోనే వినేటోడు.
"చైను వదులు. పొద్దున్నే పండ్లు కొరుకుతాండాది.
అది పెద్ద మాట గాదులే. తోలు."

రాప్తాడు దాకా తోలితి.
రెండో గేరు గరగరమనింది, స్టీరింగు ఎడమకు లాగింది,
అవన్నీ తెలుస్తానే ఉండాయి.
కాలు ఆనించంగనే
రోడ్డంతా చాప చుట్టినట్టు నా కిందికి వచ్చేసింది.
అరవై దాటనీకుండా గవర్నర్ బిగించిన బస్సుల్లోనే
వయసంతా అయిపోయినోనికి
ఆ నిమిషం ఏందో చెప్పడం రాదు.
నవ్వినానంట. కుళ్ళాయప్ప చెప్పినాడు తర్వాత.

తిరిగొచ్చినాక సీటు కింద తల దూర్చినాడు.
పట్టాలకు తుప్పు.
మా పక్క తుప్పుకు గూడా తడి దొరకదు,
ఇదెట్ల వచ్చినాది?
కార్పెట్ అంచు పట్టి పీకినాడు.
కింద పిండి మాదిరి బూడిదరంగు మన్ను, ఎండి పగుళ్ళిచ్చి,
దాంట్లో గోరంత నత్తగుల్ల.

"ఈ మన్ను మనది గాదు," అన్నాడు. "మనది ఎర్రగుంటాది.
యాడ కొన్నావబ్బీ?"
"మద్రాసులో."
"వరద తాగిన బండి ఇది. సీటు దాకా మునిగినాది.
వైర్లు లోపల్లోపలే కుళ్ళుతాంటాయి.
ఈ పొద్దు లైటు, రేపు ఇంగేమో."

ఎనిమిది నూర్ల అడుగులకు బోరు దించినా
దుమ్మే పైకొచ్చే ఊరు మాది.
ఈడికి వచ్చినాది, నీళ్ళల్లో చచ్చి బతికిన బండి.

పిల్లోడు బంపరు మీద కూలబడినాడు.
కార్పెట్ ఎత్తి చూడాలని వానికెవురు చెప్పినారు?
ఇంగా ఇరవై రెండు కంతులు ఉండాయంట.

"ఎంతకు అడుగుతారన్నా?" అన్నాడు, మా వైపు చూడకుండానే.

కుళ్ళాయప్ప తలగుడ్డ విప్పి
నా చేతి మీద కప్పినాడు,
ఎద్దుల సంతలో మా నాయనోళ్ళు బేరమాడినట్టు.
గుడ్డ కింద వేళ్ళ కోసం చూస్తి.
ఒక్క వేలూ నొక్కలే.
పిడికిలి మూసి, ఊరికే ఆనించినాడు.

నాకు తెలిసింది.
తెలిసీ, పిల్లోని భుజం మీద చెయ్యేసి అడిగితి:
"ఇంగొక్కసారి రాప్తాడు దాకా తోలుకోని వద్దునా?
పెట్రోలు నాది."