బారెడు దుంగ, మూరెడు పొయ్యి

పోస్టాఫీసు త్రాసు చంకన పెట్టుకుని
రంపం కొనడానికొచ్చిన మనిషిని
ఇనారిలో నేనొక్కణ్ణే చూసుంటాను.

ఐలా ఆమె పేరు. ముప్పై రెండేళ్ళు
ఉత్తరాలు తూచి తూచి రిటైరైంది.
ఇప్పుడు సబ్బుబిళ్ళ సగానికి కోసి తూస్తుంది,
టూత్‌బ్రష్ కాడ విరిచి తూస్తుంది.
కొండెక్కేది కాళ్ళు కాదు వెయ్‌క్కో, గ్రాములు
అంటుంది.

గొడ్డలి చాలదా అన్నాను, అలవాటుగా.
"అడవి గుడిసె కొట్టంలో బారెడు దుంగలు,
పొయ్యి చూస్తే మూరెడు.
నిలబడ్డ చెట్టు జోలికి నేను పోను.
ఆ బారని మూరలు చేసుకునేదాకా
చలి నాకోసం ఆగదు కదా."

నా గుమ్మం పక్కన ఎండిన పైన్ మొద్దు ఒకటుంది.
మాటలతో సరుకమ్మను నేను,
కోసి చూసుకోమంటాను.
దాని ఒళ్ళంతా గాట్లే:
కొన్నవాళ్ళవి కొన్ని,
కొనకుండా పోయినవాళ్ళవి ఎక్కువ.
రంపపుకోత అంటే బాధ అనుకుంటారు లోకులు.
నాకది బేరం.

ముందు గొలుసు రంపం తీశాను.
గుప్పిట్లో ఇమిడిపోతుంది, చెరో చివరా ఓ పిడి.
త్రాసు మీద పడేస్తే నూట పాతిక.
ఆమె కళ్ళు వెలిగాయి, ఆరాయి.
"ఇది ఇద్దరి పని.
నేను ఇటు లాగితే అటు హిల్కా ఉండేది."
ఏమైంది హిల్కాకి అనబోయి నాలుక కరుచుకున్నాను.
ఆమే చెప్పింది:
"వ్యాను కొనుక్కుంది. లోపల హీటరు,
పూల కర్టెన్లు, కాఫీ మిషను.
అడవిని అద్దంలోంచి చూస్తోంది."
చచ్చిపోయి ఉంటే
ఇంత కోపం వచ్చేది కాదేమో.

విల్లు రంపం బిగించి చూపించాను.
మూడు ముక్కల చట్రం, మీటితే మోగే రేకు,
ఎంత లావు దుంగైనా దానికి వెన్నముద్ద.
నాలుగొందల డెబ్భై అంది త్రాసు.
"రెండు రోజుల రొట్టె" అంది ఐలా,
ఒక్క వేలితో పక్కకి నెట్టింది.

ఇక మిగిలింది మడత రంపం.
జానెడు పిడి, జానెడు పళ్ళు,
పని లేనప్పుడు పళ్ళు పిడిలో దాచుకుని పడుకుంటుంది.
పచ్చి కట్టెకి పెద్ద పళ్ళు, ఎండు కట్టెకి చిన్నవి,
నేను నడిమి రకం ఇచ్చాను.
నా నోట్లో ఉన్నవాటికంటే నయం అన్నాను.
నవ్వలేదు.

మొద్దు మీద ఆనించి బలంగా తోసింది.
రేకు వంగి కీచుమంది.
తొయ్యకు. ఇది లాగితేనే తెగుతుంది.
పోయేటప్పుడు ఊరికే పోనియ్యి,
వచ్చేటప్పుడు పట్టుకో.
కోపంగా ఉన్నవాళ్ళందరూ మొదట తోస్తారు,
ఆ మొద్దు చూస్తే ఎవరిదెంత కోపమో చెప్పగలను.

లాగింది.
పొట్టు ఆమె బూటు మీద రవ్వలా రాలింది.
బంక వాసన కొట్టంతా పాకింది.
మణికట్టు దగ్గర ఏదో సడలింది,
మళ్ళీ లాగింది, మళ్ళీ,
కొంటానన్న సంగతి మరిచిపోయి
సగం మొద్దు కోసేసింది.

రెండొందల ముప్పై.
అంత బరువు సంచిలోంచి తీసెయ్యాలి మరి.
బల్లమీద అన్నీ పరిచింది:
మేజోళ్ళు, పటం, రెండు చెక్క గిన్నెలు.
రెండో గిన్నె చేతిలోకి తీసుకుని
త్రాసు మీద పెట్టలేదు.
సంచిలో వేసేసి
మేజోళ్ళ జత నాకిచ్చింది, నువ్వు తొడుక్కో అని.

గురువారం ఓ తెల్ల వ్యాను ఆగింది.
ఫ్యూజు కావాలంది దిగినావిడ.
పూల కర్టెన్లు చూశాను, ఏమీ అనలేదు.
ఫ్యూజు వెతుకుతుంటే
మొద్దు దగ్గరికెళ్ళి నిలబడింది,
కొత్త గాటులో గోరు పెట్టి చూసింది,
ముందు వంకర, తరవాత తిన్నన.
గొలుసు రంపం కొక్కెం నుంచి తనే దింపుకుంది.
"అటు చివర కాస్త పట్టుకుంటావా?"

పట్టుకున్నాను.
ఆమె లాగితే నేను వదిలాను,
నేను లాగితే ఆమె వదిలింది.
చేయి తిరిగిన మనిషే.
వేలెడు లోతు వెళ్ళాక ఆపి
ఫ్యూజుకి డబ్బులిచ్చి వెళ్ళిపోయింది.
రంపం కొనలేదు.

గాటు ఉంది.