గోదాం

ఓదెలు తెచ్చిన హార్డ్ డిస్కు
బొగ్గుతట్ట అడుగున దొరికినట్టు ఉన్నది.
సాస్తి గనిల రెండో షిఫ్టు దిగి
మొకం గూడ కడుక్కోకుండ దుకాణానికి వచ్చిండు.
"ఇం... ఇండ్ల మన ఆటలున్నయి.
మా... మాటలు గూడ ఉంటయా?" అన్నడు.
చూస్త, ఐతారం రమ్మన్న.

ఎన్కట మా మామ నెట్టు సెంటరు
బల్లార్షాల కాయితం మిల్లు గోడ పక్కనే.
ఉడికిన గుజ్జు వాసన పీల్చుకుంటనే
అయిదుగురం అయిదు డబ్బాల్ల కూసొని
ఒకరి మీద ఒకరం తుపాకులు పట్టేది.
నేనొక్కదాన్నే ఆడిపిల్లను, అందరికంటె ఎక్కువ అరిచేదాన్ని.

ఆ ఆట చేసిన కంపెనీ మూతపడ్డది.
ఫైలు ఎట్ల విప్పాల్నో ఎవరూ రాసిపెట్టలే.
ఎవడు ఎటు ఉరికిండు, ఎవని తూటా ఎవనికి తాకింది,
అవన్నీ సులువుగనే దొరికినయ్.
గొంతులే దొరకలే.

మొదటి రాత్రి రేకుల మీద వాన.
రెండో రాత్రి అందరం ఎలుకలం,
వేగం తగ్గిస్తే అందరం ఈనబోయే బర్లం.
మూడో రాత్రి కండ్లు మండంగ చూసిన:
ప్రతి ముక్క మొదట్ల అవే రెండు బైట్లు.
మేశ్రామ్ కాకు కూరగాయల లెక్క చెప్పినట్టు,
చోవీస్, నాలుగు ముందు, ఇరవై ఎనక,
అట్ల తిరగేసి చదివిన.
ఇరవై నాలుగు వేలు.
సెకనుకు అన్ని చుక్కలు.

అప్పుడు పలికినరు.
నిఖిల్ మరాఠీల తిట్టిండు, తెలుగుల సారీ చెప్పిండు.
రాజలింగు మిర్చిబజ్జి నములుకుంట చచ్చిపోయిండు.
ఎవరి మైకులనో నాగ్‌పూర్ ప్యాసింజరు కూసింది.
ఎనక ఒక గొంతు,
గడగడ, చెక్కిన పలక లెక్క,
"గోదాం ఎనక ముగ్గురున్నరు, పోకుండ్రి!"
ఎవడు వీడు?
పేరు చూసిన. ఓదెలు.

చాయ్ చల్లారిపోయింది.

తాలు అనుకొని నేను చెరిగి పారబోసిన ముక్కలున్నయి,
లోపల ధ్వని లేనివి, ఒక్క అంకె మాత్రం ఉన్నవి.
వాటిని మళ్ల ఏరుకున్న.
మౌనాన్ని ఎవరూ మోసుకపోరట తీగల మీద.
ఎంతసేపో రాసి పంపుతరు,
అందుకున్నోడు అంతసేపు ఆగాలె.
నేను ఆగలేదు, అంతే.

"గో" తర్వాత ముప్పై ఆరు వేలు.
సెకనున్నర.
పెట్టిన.
ఓదెలు ఓదెలయ్యిండు.

ఆ సెకనున్నరల ఇంకో గొంతున్నది.
సన్నగ, తొందరగ, అన్నీ తెలిసినట్టు.
"గోడ! గోడ అంటున్నడు! గోదాం దిక్కు ఉరకండ్రి!"
నలుగురం ఉరికినం.
నలుగురం చచ్చినం.
మేం పడిపోయినంక, ఖాళీ ఆటల,
"...దాం" అన్నడు వాడు.

తొమ్మిదేండ్లు వాణ్ణి గోడ ఓదెలు అని పిలిచినం.
వాని పెండ్లి బరాతుల గూడ పిలిచినం.
మొదలుపెట్టింది నేనే అనుకుంట.
నవ్వేటోడు. నవ్వినంకనే నవ్వేటోడు,
ఒక సెకనున్నర ఆలస్యంగ.

ఇప్పుడు రెండు ఫైళ్లు ఉన్నయి నా దగ్గర.
ఒకదాండ్ల వాడు చిన్నప్పటి సంది
ఏ దేవునికి మొక్కినా అడిగిన గొంతు,
టైముకు ముందే హెచ్చరించిన గొంతు.
అందుల నేను అబద్ధమాడలే, మౌనం తీసేసిన, గంతే.
రెండోదాండ్ల వాడున్నడు.
నేనూ ఉన్న.

ఐతారం పొద్దుగాల్నే వచ్చిండు, తల దువ్వుకొని,
కండ్ల కింద బొగ్గు కాటుక ఇంక పోలే.
ఏది వినిపించాల్నో రాత్రంత తేలలే నాకు.
రెండింటి మీద చెయ్యి అటిటు తిరుగుతున్నది.
"పె..." అన్నడు.

పెట్టు అంటడా, పెద్దగ అంటడా,
పెండ్లానికి గూడ వినిపిస్త అంటడా.
పండ్ల నడుమ నాలుక కరుచుకున్న.
మిల్లు సైరను లేచి, సాగి, పడిపోయింది.
ఆగిన.