ఇరవై నాలుగోది

ఓడిలోన్ ముసలాయన పావురాలను
గంట లెక్కన అద్దెకిస్తాడు.
పెళ్లికి పన్నెండు, చావుకు ఒకటి,
శాంతి సభకైతే రెండు డజన్లు.
అందరూ తెల్లవే అడుగుతారు.
బూడిదరంగువి పందేలకు పోతాయి.
తెల్లవాటికి మాత్రం ముందురోజు సాయంత్రం
చంటిపిల్లల షాంపూతో కాళ్లు కడుగుతాడు.

ఫ్లాండర్స్‌లో నవంబరు.
చక్కెర దుంపల చేల మీద
వాన కురవదు, ఊరికే నిలబడి ఉంటుంది.
ఇప్పటికీ నాగలికి
తుప్పు పట్టిన ఫిరంగి గుండ్లు తగులుతాయి ఈ మట్టిలో.
రైతులు వాటిని తెచ్చి
పాలవాడికి ఖాళీ సీసాలు పెట్టినట్టు
కరెంటు స్తంభం మొదట్లో పెట్టి పోతారు.

బుట్టలు మోసేది గస్సాన్.
డమాస్కస్‌లో వాళ్ల తాతకు
మిద్దె మీద నూట పది ఉండేవట.
పక్క మిద్దె గుంపులోంచి ఒకదాన్ని
మన గుంపులోకి మరిపించుకోవడం అక్కడ ఆట.
మన దగ్గర లేదని ఒట్టేయడం
ఆటలో రెండో సగం.
పావురాలవాడి సాక్ష్యం కోర్టులో చెల్లదని
అందుకే ఆ వీధిలో సామెత.

ఇక్కడ శరణార్థుల ఆఫీసులో
తాత ఏం చేసేవాడని అడిగితే
దర్జీ అన్నాడు గస్సాన్.
చెప్పినవాటన్నిటిలో
వాళ్లు మారుమాట్లాడకుండా రాసుకున్నది అదొక్కటే.

ఓడిలోన్ తాతనైతే
పావురాలున్నందుకే పట్టుకెళ్లారు.
మొదటి యుద్ధం. ఊరు శత్రువు చేతిలో.
రెక్కలున్నదల్లా ఉత్తరం, ఉత్తరమల్లా గూఢచారి.
సైనికులు గూడు గూడుకీ వచ్చి మెడలు విరిచారు.
నాయనమ్మ ఒక జంటను పిండి డబ్బాలో దాచి
అవి కువకువలాడినప్పుడల్లా
గట్టిగా దగ్గేదట.
పాపం, ఊరంతా ఆమెకు క్షయ అనుకుంది.

"ఇవన్నీ ఆ జంట సంతానమే" అంటాడు
అద్దెకు వచ్చినవాళ్లతో.
గస్సాన్‌తో ఎప్పుడూ అనలేదు.

ఇవాళ సభ.
మాటలు అటూ ఇటూ మార్చే పని నాది.
జపాన్ నుంచి వచ్చిన హిసాయో టీచరమ్మ
గొడుగు ముడుస్తూ మెల్లగా అంది:
"మా ఊళ్లో ఇది యుద్ధదేవుడి బంటు.
గుడి పేరులో మొదటి అక్షరాన్ని
రెండు పావురాలుగా దిద్దుతారు."
మేయర్ నా వైపు చూశాడు.
చాలా అందమైన పక్షి అంటున్నారన్నాను.

మూత లేచింది.
జనం కొట్టకముందే
రెక్కలు కొట్టేశాయి చప్పట్లు.
చర్చి గోపురం చుట్టూ రెండు చుట్లు.
లోకం నలుమూలలకూ పోతాయనుకున్న పిల్లలకు
ఏం చెప్పను?
అన్నీ ఒక్క దిక్కుకే తిరిగాయి,
పద్నాలుగు కిలోమీటర్ల అవతలి
జొన్నగింజల దిక్కుకి.
మేయర్ చెయ్యి ఇంకా పైకే ఉంది.

మా కారు చేరేసరికి
అవి గూట్లో పోట్లాడుకుంటున్నాయి.
మెట్టు కోసం ఒకటి మరొకదాని మెడ పీకుతోంది.
గస్సాన్ లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు.
ఇరవై మూడు.

గోపురంలో డేగ ఉందని
అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

రెండు రాత్రులు గూటి తలుపు వేయనివ్వలేదు.
రేకు డబ్బాలో మొక్కజొన్నలు ఆడిస్తూ
వాళ్ల తాత ఈల వేశాడు.
ఆ ఈల ఈ ఊరి పిట్టకు తెలిసే దారి లేదు.

మూడోనాడు మధ్యాహ్నం
దుంపల లారీలు పోయే రోడ్డు పక్కన
స్తంభం దగ్గరి గుండును దాటుకుని
నడిచి వస్తోంది.
కుడి రెక్క నేలకు రాసుకుంటోంది.
రంగు మన్ను రంగు.
గేటు దగ్గర ఆగి, తల అటూ ఇటూ వంచి
ఇల్లు ఇదేనా అన్నట్టు చూసింది.

ఓడిలోన్ కాలి కడియం నంబరు చదివాడు.
"ఆదివారం పెళ్లికి ఒకటి తక్కువ" అన్నాడు.
గస్సాన్ అప్పటికే షాంపూ సీసాతో వచ్చాడు.

ముసలాయన అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.
ఆగు.
ముందు నీళ్లు తాగనీ.